మగవారిలో రొమ్ముల పెరుగుదల, దాని ఆపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

చొక్కా కింద బిగుతు బనియన్ వేసుకుని, భుజాలు ముందుకు వంచి నడిచే మగవాళ్ళలో చాలామంది ఈ సమస్యను ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పుకోరు. డాక్టరు ముందు కూర్చున్నా మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అలాంటివారి కోసం, వాళ్ళ తల్లిదండ్రుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఒక్క సంగతి ముందే చెప్పాలి. చాలామందికి ఆపరేషనే సరైన దారి. కానీ రొమ్ము ఎందుకు పెరిగిందో చూడకుండా నేరుగా ఆపరేషన్ బల్ల ఎక్కడం మాత్రం మంచిది కాదు.

ఇది కొవ్వేనా, ఇంకేదైనానా?

రెండూ కావచ్చు. మగవాళ్ళకీ చనుమొన వెనకాల కొద్దిపాటి రొమ్ము గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి పెరిగితే దాన్ని గైనకోమాస్టియా అంటారు. గ్రంథి మామూలుగానే ఉండి, ఒంట్లో కొవ్వు పెరగడం వల్ల ఛాతీ ఉబ్బితే దాన్ని సూడో గైనకోమాస్టియా అంటారు. నిజానికి చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఎవరిలో ఏది ఎక్కువ అన్నదాన్ని బట్టే చికిత్స మారుతుంది కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఇంట్లో చూసుకుని తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుస్తుంది. వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టుకోండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు రొమ్ముకి చెరో పక్క ఆనించి, మెల్లగా చనుమొన వైపు దగ్గరికి తీసుకురండి. గ్రంథి పెరిగి ఉంటే చనుమొన సరిగ్గా కిందనే, రబ్బరు బిళ్ళలా కాస్త గట్టిగా, అంచు తెలిసేలా ఒకటి వేళ్ళకి అడ్డు తగులుతుంది. నొక్కితే కొంచెం నొప్పి కూడా ఉండొచ్చు. కొవ్వే అయితే అలాంటి అడ్డు ఏమీ లేకుండా వేళ్ళు చనుమొన దాకా వచ్చేస్తాయి. డాక్టరు చేసే పరీక్ష కూడా దాదాపు ఇదే. కాకపోతే అనుభవమున్న చేతికి తెలిసినంత మనకి తెలియదు. ఇంట్లో చూసుకున్నది ఒక అంచనా కిందే లెక్క.

అసలు ఎందుకు వస్తుంది?

మగవాళ్ళ ఒంట్లోనూ ఆడవాళ్ళ హార్మోన్‌గా చెప్పుకునే ఈస్ట్రోజెన్ ఉంటుంది. రొమ్ము గ్రంథిని పెంచేది అది, పెరగకుండా ఆపేది మగ హార్మోన్ టెస్టోస్టిరాన్. ఈ రెండింటి మధ్య తూకం తప్పినప్పుడు గ్రంథి పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే, అందులో ఉండే అరోమటేస్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. లావుగా ఉన్నవాళ్ళలో కొవ్వుతో పాటు గ్రంథి కూడా పెరగడానికి ఇదొక కారణం.

పుట్టిన బిడ్డల్లో, ఎదిగే వయసులో, 50 దాటాక ఈ తూకం మారడం సహజం. పుట్టిన బిడ్డల్లో తల్లి హార్మోన్ల ప్రభావంతో రొమ్ములు కాస్త ఉబ్బి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. వాటిని నొక్కడం, పిండడం చేయకూడదు. ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఇవి కాక వేరే కారణాలుంటే వాటిని వెతికి పట్టుకోవాలి. లివర్ సిరోసిస్, కిడ్నీలు దెబ్బతినడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, వృషణాలు సరిగా పనిచేయకపోవడం, మగపిల్లలు అదనంగా ఒక ఎక్స్ క్రోమోజోమ్‌తో పుట్టే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, అరుదుగా వృషణాల్లోనో, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ. మందుల జాబితా కూడా పెద్దదే. గుండె, బీపీ సమస్యలకి ఇచ్చే స్పైరోనోలాక్టోన్, ఫంగస్‌కి వాడే కీటోకొనజోల్, ఎసిడిటీకి వాడే సిమెటిడిన్, మానసిక సమస్యలకి ఇచ్చే రిస్పెరిడోన్, జుట్టు రాలడానికీ ప్రొస్టేట్‌కీ వాడే ఫినాస్టెరైడ్ అందులో ఉన్నాయి. మద్యం అతిగా తాగడం మరో కారణం. ఇంత వెతికినా ఏ కారణమూ దొరకనివాళ్ళూ చాలామందే ఉంటారు. అదేమీ భయపడాల్సిన విషయం కాదు.

జిమ్‌లో తీసుకున్న ఇంజెక్షన్ల వల్ల కూడా వస్తుందా?

వస్తుంది. కండలు పెరగడానికి తీసుకునే అనబాలిక్ స్టెరాయిడ్లలో కొన్ని ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారతాయి. పైగా అవి మానేశాక ఒంటి సొంత టెస్టోస్టిరాన్ కొన్నాళ్ళు పడిపోయి ఉంటుంది, తూకం ఇంకా తప్పుతుంది. దయచేసి ఈ విషయం డాక్టరు దగ్గర దాచకండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు అడిగేది. అది తెలియకపోతే రక్తపరీక్షల రిపోర్టు చూసి కూడా ఏమీ అర్థం కాదు. ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ అవే వాడితే రొమ్ము మళ్ళీ పెరగొచ్చు.

మా అబ్బాయికి 14 ఏళ్ళు. ఆపరేషన్ చేయించమంటారా?

ఇప్పుడే వద్దు. ఎదిగే వయసులో దాదాపు సగం మంది మగపిల్లల్లో ఎంతో కొంత రొమ్ము ఉబ్బుతుంది. ఒక పక్కే రావచ్చు, రెండు పక్కలా రావచ్చు, ముట్టుకుంటే నొప్పి ఉండొచ్చు. ఎక్కువమందిలో 6 నెలల నుంచి 2 ఏళ్ళ లోపు దానంతటదే తగ్గిపోతుంది. ఎదుగుదల ఇంకా నడుస్తుండగా ఆపరేషన్ చేస్తే మిగిలిన గ్రంథి మళ్ళీ పెరిగే అవకాశం ఉంటుంది. అందుకే సాధారణంగా యౌవన దశ ముగిసి, కనీసం ఏడాది పాటు సైజు మారకుండా ఉన్నాక, అంటే చాలామందిలో 18 చుట్టుపక్కల, ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

కానీ "ఆగండి" అంటే "వదిలేయండి" అని కాదు. ఒకసారి డాక్టరుకి చూపించి, వృషణాల పరీక్ష కూడా చేయించి, కంగారుపడాల్సింది ఏమీ లేదని తేల్చుకోవాలి. ఆ తర్వాత కొన్ని నెలలకోసారి చూపించాలి. అంతకంటే ముఖ్యం, వాడు ఈతకి ఎందుకు రానంటున్నాడో, ఆటల పీరియడ్ అంటే ఎందుకు తప్పించుకుంటున్నాడో అర్థం చేసుకోవాలి. ఇంట్లో ఎవరూ దాని మీద జోకులు వేయకూడదు. సరదాకి అన్న మాట కూడా ఆ వయసులో చాలా లోతుగా దిగుతుంది. రొమ్ము బాగా పెద్దదై, పిల్లవాడు మానసికంగా కుంగిపోతుంటే 18 కంటే ముందే ఆపరేషన్ చేసే సందర్భాలూ ఉన్నాయి. అది పిల్లల హార్మోన్ల నిపుణుడు, సర్జన్, తల్లిదండ్రులు, పిల్లవాడు కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఇది క్యాన్సర్ కావచ్చా?

చాలా అరుదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్ళవి 1 శాతం దగ్గర్లోనే ఉంటాయి. మామూలు గైనకోమాస్టియా క్యాన్సర్‌గా మారుతుందన్న భయం అక్కర్లేదు. కానీ కొన్ని లక్షణాలుంటే ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు. గడ్డ చనుమొన కింద కాకుండా పక్కకి ఉండి రాయిలా గట్టిగా ఉండటం, చనుమొన నుంచి రక్తం రావడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, చర్మం మీద సొట్ట లేదా పుండు, చంకలో గడ్డ. ముఖ్యంగా వయసు మళ్ళినవారిలో, ఒకే పక్క ఇలా కనిపిస్తే అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు. మామోగ్రామ్ మగవాళ్ళకి కూడా చేస్తారు, మొహమాటపడకండి.

ఆపరేషన్‌కి ముందు ఏ పరీక్షలు చేస్తారు?

అందరికీ అన్నీ అవసరం లేదు. ఎదిగే వయసులో మొదలై, ఏళ్ళ తరబడి అలాగే ఉన్న ఆరోగ్యవంతుడికి పరీక్షలు తక్కువే సరిపోతాయి. కొత్తగా వచ్చినా, వేగంగా పెరుగుతున్నా, నొప్పి ఉన్నా టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్, హెచ్‌సీజీ, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు, థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలు చూస్తారు. వృషణాలని చేత్తో పరీక్షించడం తప్పనిసరి. అనుమానముంటే అక్కడ కూడా స్కాన్ చేయిస్తారు. మీ వృషణాల వైపు చూడకుండా, మీరు వాడే మందుల పేర్లు అడగకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తే ఇంకో డాక్టరుని కలవండి.

పుషప్స్, డైట్‌తో తగ్గదా?

కొవ్వయితే తగ్గుతుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు ముందు బరువు తగ్గడమే మంచిది. కొందరికి అప్పుడు ఆపరేషన్ అవసరమే ఉండదు, మిగతావాళ్ళకి ఆపరేషన్ చిన్నదవుతుంది. పెరిగిన గ్రంథి మాత్రం వ్యాయామానికి కరగదు. దాని వెనకాల ఛాతీ కండ పెరిగేకొద్దీ అది ఇంకా ముందుకు కనబడుతుంది కూడా. రెండేళ్ళు జిమ్‌లో కష్టపడి, పొట్ట పోయినా ఛాతీ పోలేదని బాధపడేవాళ్ళ సంగతి ఇదే. వాళ్ళ కష్టంలో లోపమేమీ లేదు. పూసుకునే క్రీములు, కరిగిస్తామనే పొడులు గ్రంథి మీద పనిచేయవు.

మందులతో నయం కాదా?

కొత్తగా వచ్చి, నొప్పిగా ఉన్న దశలో, రొమ్ము మీద ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మందు కొందరికి బాగా పనిచేస్తుంది. కొన్ని నెలలు డాక్టరు పర్యవేక్షణలో వాడతారు. ఏడాది దాటితే గ్రంథి పీచులా గట్టిపడిపోతుంది, ఇక ఏ మందూ దాన్ని పెద్దగా తగ్గించలేదు. ఏదైనా మందు వల్ల వచ్చిందని తేలితే, అది రాసిన డాక్టరుని అడిగి మార్పించుకోవాలి. సొంతంగా ఆపేయకూడదు, ముఖ్యంగా గుండె మందులు, మానసిక సమస్యల మందులు.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 7వ శతాబ్దంలోనే పాల్ ఆఫ్ ఏజీనా అనే గ్రీకు వైద్యుడు దీన్ని వివరించాడు. 1946లో వెబ్‌స్టర్ అనే సర్జన్ చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచు వెంబడి అర్ధచంద్రాకారంలో కోత పెట్టే పద్ధతి రాశాడు. ఇప్పటికీ ఎక్కువమంది పెట్టే కోత దాదాపు అదే. 1980ల తర్వాత గొట్టంతో కొవ్వు లాగేసే లైపోసక్షన్ దానికి తోడయ్యింది.

ఆపరేషన్ రోజు ముందుగా మిమ్మల్ని నిలబెట్టి, మార్కర్‌తో ఛాతీ మీద గీతలు గీస్తారు. పడుకుంటే కొవ్వంతా పక్కకి జారిపోయి అసలు ఆకారం తెలియదు, అందుకే నిలబెట్టి గీస్తారు. చంక దగ్గరో, రొమ్ము కింద మడతలోనో కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, సెలైన్‌లో లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని లోపలికి ఎక్కిస్తారు. దీనివల్ల నొప్పి తెలియదు, రక్తనాళాలు ముడుచుకుని రక్తస్రావం బాగా తగ్గుతుంది. తర్వాత అదే రంధ్రం గుండా సన్నని గొట్టంతో కొవ్వు లాగేస్తారు. అల్ట్రాసౌండ్‌తో కొవ్వును వదులు చేసే వేజర్ లాంటి పరికరాలూ ఉన్నాయి. పరికరం కంటే పట్టుకున్న చెయ్యి ముఖ్యం అన్నది నా అభిప్రాయం.

కొవ్వు పోయాక కూడా చనుమొన వెనక గట్టి గ్రంథి మిగులుతుంది. గొట్టంతో అది పూర్తిగా రాదు. వలయం కింది అంచున చిన్న కోత పెట్టి, గ్రంథిని చుట్టూ విడదీసి బయటికి తీస్తారు. ఇక్కడే నేర్పంతా ఉంది. గ్రంథి మొత్తాన్నీ ఊడ్చేస్తే చనుమొన లోపలికి అతుక్కుని గుంట పడుతుంది. తక్కువ తీస్తే ఉబ్బు మిగిలిపోతుంది. అందుకని వలయం వెనకాల దాదాపు ఒక సెంటీమీటరు మందం వదిలి మిగతాది తీస్తారు. "మొత్తం తీసేశారా డాక్టర్" అని అడిగితే, కొంచెం కావాలనే వదిలామని ఆయన చెప్పేది అందుకే.

చర్మం కూడా బాగా సాగి వేలాడుతుంటే కథ వేరు. రొమ్ము సైజును, అదనపు చర్మాన్ని బట్టి గ్రేడ్లుగా విడదీసే, 1973 నుంచి వాడుకలో ఉన్న సైమన్ వర్గీకరణలో ఇది 3వ గ్రేడ్. బరువు భారీగా తగ్గినవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. అదనపు చర్మం కోసి తీయాలి, చనుమొనను పైకి జరపాలి, ఒక్కోసారి చనుమొనను వేరుచేసి కొత్త చోట అతికించాలి కూడా. మచ్చ పెద్దదే అవుతుంది, ఆ సంగతి ముందే తెలిసి ఒప్పుకోవాలి. తక్కువ, మధ్యస్థ దశల్లో సాగిన చర్మం చాలావరకు తనంతట తానే బిగుసుకుంటుంది.

పూర్తి మత్తు ఇస్తారా? ఎంతసేపు పడుతుంది?

చిన్నదైతే ఆ భాగానికే మత్తు ఇచ్చి, నిద్రమత్తు తోడు చేస్తారు. పెద్దదైతే పూర్తి మత్తు. సాధారణంగా ఒకటి నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కువమంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు. చర్మం కూడా తీస్తే ఒక రాత్రి ఉంచొచ్చు.

ముందు నుంచి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. చనుమొనకి రక్తప్రసరణ తగ్గితే అది నల్లబడి దెబ్బతినొచ్చు, సిగరెట్ ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు, నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, మూలికల క్యాప్సూల్స్ ఏవి వాడుతున్నా చెప్పండి. ఏది ఆపాలో, ఎన్ని రోజులు ఆపాలో డాక్టరే చెప్పాలి. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా ఆస్పిరిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉంటే ఫలితం బాగుంటుంది.

తర్వాత ఎన్ని రోజులకి మామూలవుతాను?

మొదటి రెండు మూడు రోజులు ఛాతీ అంతా బాగా వ్యాయామం చేసి కండలు పట్టేసినట్టు ఉంటుంది. మాత్రలతో ఆగే నొప్పే. కమిలిన మచ్చలు నీలంగా, తర్వాత పసుపుగా మారి రెండు మూడు వారాల్లో పోతాయి. కొందరికి లోపల చేరే ద్రవం బయటికి రావడానికి సన్నని డ్రెయిన్ గొట్టాలు పెడతారు, అవి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. కరిగిపోని కుట్లయితే వారం, పది రోజులకి తీస్తారు.

అసలు ఇబ్బంది ఛాతీని బిగించి పట్టే కంప్రెషన్ వెస్ట్‌తో. 4 నుంచి 6 వారాలు, మొదట్లో రాత్రీ పగలూ వేసుకోవాలి. ఉక్కగా ఉంటుంది, చంకల్లో ఒరుసుకుంటుంది, కింది అంచు మడతపడి చర్మం మీద గీత పడుతుంది. లోపల పలుచని నూలు బనియన్ వేసుకుంటే నయం. ఒకటి ఉతికినప్పుడు వేసుకోవడానికి రెండోది దగ్గర పెట్టుకోండి. విసుగేసి మానేస్తే వాపు నిలిచిపోయి, లోపల నీరు చేరుతుంది.

కూర్చుని చేసే పనికి వారం లోపే వెళ్ళొచ్చు. నడక రెండో రోజు నుంచే మంచిది. బరువులెత్తడం, ఛాతీ వ్యాయామాలు, ఈత మాత్రం 4 నుంచి 6 వారాల తర్వాత, సర్జన్ సరే అన్నాకే. రెండో వారంలో అద్దంలో చూసుకుని, "ఏమీ తగ్గలేదే" అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. అప్పుడు కనిపించేది వాపు. ముట్టుకుంటే లోపల గట్టిగా, ఎగుడుదిగుడుగా కూడా తగులుతుంది. అసలు ఆకారం 3 నుంచి 6 నెలలకి తేలుతుంది. అప్పటి దాకా రోజూ కొలుచుకోవడం మానేయండి.

ఏమైనా తేడాలు రావచ్చా?

ఏ ఆపరేషన్‌కైనా ఉన్నట్టే దీనికీ ఉన్నాయి. త్వరగా గుర్తించాల్సింది లోపల రక్తం గడ్డకట్టడం. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక పక్క మాత్రమే హఠాత్తుగా ఉబ్బి, బిగుసుకుని, నొప్పి పెరిగిపోతుంటే అర్ధరాత్రయినా సర్జన్‌కి ఫోన్ చేయాలి. జ్వరం, ఎర్రదనం, చీము, పిక్కల్లో వాపు నొప్పి, ఊపిరి ఆడకపోవడం కూడా అంతే. చివరి రెండూ రక్తం గడ్డ కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో చేరిందనడానికి గుర్తులు కావచ్చు, అరుదే అయినా ఆలస్యం పనికిరాదు. నీరు చేరితే సూదితో తీసేస్తారు. చనుమొన దగ్గర స్పర్శ తగ్గడం మామూలే, చాలామందిలో నెలల్లో తిరిగి వస్తుంది, కొద్దిమందిలో పూర్తిగా రాదు. రెండు పక్కలకీ చిన్న తేడా, ఎగుడుదిగుడు, గుంట పడటం, కొంచెం గ్రంథి మిగిలిపోవడం కూడా జరగొచ్చు. వీటిలో కొన్నింటికి ఆరు నెలల తర్వాత చిన్న దిద్దుబాటు ఆపరేషన్ చేస్తారు.

మచ్చ కనిపిస్తుందా?

నల్లని వలయానికి, మామూలు చర్మానికి మధ్య రంగు మారే గీత మీదే కోత ఉంటుంది కాబట్టి ఏడాది తిరిగేసరికి వెతికితే గానీ కనబడదు. ఇదివరకు దెబ్బ తగిలిన చోట మచ్చ లేచి గట్టిగా పెరిగిన చరిత్ర మీకుంటే ముందే చెప్పండి. అలాంటి మచ్చని కీలాయిడ్ అంటారు, ఛాతీ మీద అది రావడం ఎక్కువ.

మళ్ళీ వస్తుందా?

తీసిన గ్రంథి తిరిగి రాదు. మిగిలిన కొంచెం గ్రంథి, మళ్ళీ హార్మోన్ల తేడా వస్తేనే పెరుగుతుంది. కారణం సరిచేయకపోయినా, స్టెరాయిడ్లు వాడినా, బరువు బాగా పెరిగినా ఛాతీ మళ్ళీ ఉబ్బొచ్చు.

పెళ్ళి, పిల్లల విషయంలో ఏమైనా ఇబ్బందా?

ఆపరేషన్ వల్ల ఏ ఇబ్బందీ రాదు. వీర్యానికీ, కోరికకీ ఈ కోతతో సంబంధం లేదు. రొమ్ము పెరగడానికి కారణమైన హార్మోన్ లోపం ఉంటే అది పిల్లలు పుట్టడం మీద ప్రభావం చూపొచ్చు. పరీక్షలు ముందే చేయించుకోమనడానికి ఇదీ ఒక కారణమే.

నాన్నగారు ప్రొస్టేట్ క్యాన్సర్ మందులు వాడుతున్నారు. ఆయనకీ వచ్చింది. ఏం చేయాలి?

మగ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ లాంటి మందులతో ఇది చాలా తరచుగా వస్తుంది, నొప్పి కూడా ఉంటుంది. మందు ఆపకూడదు. ఆయన్ని చూస్తున్న క్యాన్సర్ డాక్టరుతో చెప్పండి. మొదట్లోనే అయితే టామాక్సిఫెన్ కానీ, రొమ్ము మీద కొద్దిపాటి రేడియేషన్ కానీ ఇచ్చి పెరగకుండా చూసే వీలుంది. బాగా పెరిగిపోయాక ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి? ఏం అడగాలి?

ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ ఉండి, ఈ ఆపరేషన్ తరచుగా చేసేవారిని చూసుకోండి. మీలాంటి ఛాతీ ఉన్నవాళ్ళ ముందు, తర్వాత ఫోటోలు అడగండి. ఒక్క నెలవి కాకుండా ఆరు నెలల తర్వాతవి కావాలనండి. నాది కొవ్వు ఎంత, గ్రంథి ఎంత? లైపోసక్షన్ ఒక్కటే చేస్తారా, గ్రంథి కూడా తీస్తారా? మత్తు ఎవరిస్తారు? రాత్రిపూట ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి? దిద్దుబాటు అవసరమైతే ఏం చేస్తారు? ఇవన్నీ అడగండి, విసుక్కోకుండా జవాబు చెప్పాలి. అన్నీ కోత లేకుండానే పోతాయని, మచ్చే ఉండదని, మర్నాడే జిమ్‌కి వెళ్ళొచ్చని చెప్పేవారి దగ్గర ఆగి ఆలోచించుకోండి.

చివరిగా ఒకటి తప్పక అడగండి: తీసిన గ్రంథిని మైక్రోస్కోప్ పరీక్షకి పంపిస్తారా అని. పంపించమనండి, ముఖ్యంగా మీరు వయసు మళ్ళినవారైతే, లేదా ఒక పక్కే వచ్చి ఉంటే. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగి తీసుకుని, మిగతా కాగితాలతో పాటు దాచుకోండి.